ఎల్లి రా బోర్డు

మా బావంటే నాకు కుళ్ళు. ఆయన పోయి రెండేళ్ళయింది. మనిషి పోతే కుళ్ళు కూడా పోతుందంటారు, నాకు మాత్రం పోలేదు. ఆస్తి తగాదా కాదు, ఆయన నాకేదో అన్యాయం చేశాడనీ కాదు. ఒకే ఒక్కసారి, పదిహేను చుట్ల పందెంలో, ఆయన కారులో కూర్చున్నాడు, నేను గోడ పక్కన బోర్డు పట్టుకుని నిలబడ్డాను. అంతే.

ఆయన ఒకప్పుడు స్పోర్ట్స్ కారు పందెంలో దిగాడంటే ఇప్పుడు కోటబొమ్మాళిలో ఎవరూ నమ్మరు. ఆయన పోయిన రోజు వచ్చినవాళ్ళంతా, "వరికోత మిషను ఆడిలాగ నడిపినోడు ఇంకోడు నేడు, సేలో ఒక్క గింజ రాలనిచ్చేవోడు కాడు" అని చెప్పుకున్నారు. కారు మాట ఒక్కరి నోటా రాలేదు. నేనూ ఎత్తలేదు. లోలోపల కొంచెం సంతోషించాను కూడా, దాచడమెందుకు. ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చున్నాక ఆ సంతోషమూ మిగల్లేదు. మరిచిపోవాలంటే ముందు పదిమందికి తెలిసుండాలి కదా. ఆయన్ని మరిచిపోయారు, నన్ను మరిచిపోవడానికైనా నేనెవరికి తెలుసు?

నేను శ్రీకాకుళంలో డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. స్టీరింగు ముందు నేర్చుకునేవాళ్ళుంటారు, పక్క సీట్లో నేనుంటాను. నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకుంటుంది. ఎదుటివాడు తప్పు చేస్తే ఆపడం నా పని. ఇరవై ఏళ్ళ పైబడి ఇదే పని చేస్తున్నాను, చేతికి స్టీరింగు అందేది బండి షెడ్డులో పెట్టేటప్పుడే.

బావ మా మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకే సైకిలు. సీటు మీద ఆయన, వెనక క్యారేజీ మీద నేను. దిగి తోసేది కూడా నేనే.

హైవేని నాలుగు లైన్లు చేస్తున్న రోజుల్లో ఒక చిన్న కారు లారీ కింద పడి టాపు నుజ్జయింది. బావ దాన్ని ట్రాక్టరుకి కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. "టాపు ఎలాగూ నేదు కదరా, స్పోర్ట్స్ కారు సేసీద్దుమా?" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. తర్వాత మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేకపోయాను, ఆ మాట ముందు నాకెందుకు తట్టలేదా అని.

మా టీములో మొత్తం నలుగురం. బావ, నేను కాక ఇంకో ఇద్దరు. గరివిడిలో లేత్ మిషను మీద పనిచేసే పెద్దాయన ఒకరు, ఆయన్ని అందరం లేతు మావ అనేవాళ్ళం. సముద్రపొడ్డున పడవల ఇంజన్లు బాగుచేసే మేస్త్రి ఇంకొకడు. అతను బోటు మేస్త్రి. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ ఇంకో కొస చెవికీ ఆనించి, కళ్ళు మూసుకుని, రోగం చెప్పేసేవాడు. "రోడ్డు మీద ఆగిపోతే నలుగురొచ్చి తోస్తారు బావా, సముద్రంలో ఆగిపోతే ఎవుడొస్తాడు? నాను సెయ్యెట్టిన ఇంజను ఆగదు" అనేవాడు. నిజంగానే ఆగలేదు.

లేతు మావతోనే చిక్కు. ఆయన ఏది చేసినా నూరేళ్ళు నిలిచేలా చేస్తాడు. కారు కింద కట్టిన ఇనుప చట్రం మీద ఏనుగునెక్కించినా వంగదు. దాంతో బండి బరువెక్కిపోయింది. బరువు బండికి బక్క డ్రైవరు కావాలన్నాడు బోటు మేస్త్రి.

అంతకు వారం ముందే, జనానికి ఇంకా వదలని కొత్త లైను మీద, బావా నేనూ చెరోసారి నడిపి చూశాం. లేతు మావ వాచీ పట్టుకుని నిలబడ్డాడు. నేను రెండు సెకన్లు ముందొచ్చాను. ఆ మాట ఆయనే పైకి చెప్పాడు, అందరూ విన్నారు. నేనే నడుపుతానని ఆ రాత్రే మా అమ్మకి చెప్పేశాను కూడా. ఇప్పుడు బరువు మాట రాగానే ఆ రెండు సెకన్లూ ఎవరికీ గుర్తులేవు. నలుగురం కలిసి ధాన్యం తూచే కాటా దగ్గరికి వెళ్ళాం. బావ ఎక్కాడు, యాభై ఎనిమిది కిలోలు. నేనెక్కాను, డెబ్బై ఒకటి. కాటా మనిషి తలెత్తకుండానే, "ఈ బస్తా ఎవుల్దిరా?" అన్నాడు.

అందరూ నవ్వారు. బావ మరీ ఎక్కువ నవ్వాడు. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "ఒరే, నువ్వు బోర్డు పట్టుకో. నీ సెయ్యి వణకదు" అన్నాడు. ఆ మాటని మెచ్చుకోలుగా తీసుకోవడానికి చాలా ప్రయత్నించాను.

బోర్డంటే ఏమిటో చెప్పాలి. మాకు రేడియోలూ మైకులూ లేవు. పందెం నడుస్తుండగా డ్రైవరుకి ఏదైనా చెప్పాలంటే దారి పక్క గోడ దగ్గర నిలబడి బోర్డు చూపించాలి. అందరూ ఇంగ్లీషులో అంకెలూ అక్షరాలూ రాస్తారట. బావ తెలుగులోనే కావాలన్నాడు. "ఆ స్పీడులో ఆలోసించి సదవడం అవ్వదు. సిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరమైతే దానంతటదే కనిపిస్తాది" అన్నాడు. చెప్పాల్సినవి రెండే మాటలు. బండి లోపలికి తీసుకురమ్మని ఒకటి, ఇంకా తొక్కమని ఒకటి. ఒక చెక్క మీద "రా" అనీ, ఇంకో చెక్క మీద "పో" అనీ తెల్ల రంగుతో రాశాను.

పెరట్లో ప్రాక్టీసు చేస్తున్నాం. బావ సైకిలు మీద చుట్టూ తిరుగుతున్నాడు, నేను "పో" బోర్డెత్తాను. చేటలో బియ్యం ఏరుకుంటున్న మా అత్తకి ఎక్కువ చదువు లేదు కానీ రెండక్షరాలు కూడబలుక్కుని చదివేది. చేట అక్కడ పడేసి లేచొచ్చింది.

"ఓరి నీ నోట్లో మన్ను పడ! కారెక్కినోణ్ణి పట్టుకుని పో అంతావేటిరా? ఆడేటి కాటికెల్తన్నాడా? ఎల్లిరా అనాల."

నలుగురం బోర్డు చుట్టూ చేరాం. అత్త మాట నిజమే. వీధి చివర కొట్టుకి ఉప్పు తేవడానికి వెళ్ళేవాడు కూడా మా ఇళ్ళలో "పోతాను" అనకూడదు. "ఎల్లొస్తాను" అనాలి. పంపేవాళ్ళు "ఎల్లిరా" అనాలి. అలాంటిది గంటకి నూట ఇరవై మీద వెళ్ళేవాడికి "పో" అని నేనే స్వయంగా రాసి చూపిస్తున్నాను. "పో" కొట్టేసి "ఎల్లి రా" అని రాశాను.

అప్పుడు లేతు మావకో ఆలోచన వచ్చింది. రెండు బోర్డులుంటే కంగార్లో ఒకదానికొకటి ఎత్తేస్తాం. ఒకే బోర్డు చేద్దాం, మధ్యలో మడతబందు పెడదాం, ఎడమ చెక్క మీద "ఎల్లి", కుడి చెక్క మీద "రా". తెరిచి చూపిస్తే "ఎల్లి రా", అంటే ఇంకా తొక్కు. ఎడమ చెక్క వెనక్కి మడిస్తే "రా" ఒక్కటే మిగులుతుంది, అంటే లోపలికొచ్చేయ్. ఆ మడతబందు ఆయన స్వయంగా లేత్ మీద తీసి బిగించాడు. చాలా తెలివైన పని చేశామని అందరం మురిసిపోయాం.

పందెం చెన్నై అవతల. ఇంట్లో కట్టుకున్న బళ్ళకి అక్కడ వేరే పోటీ పెట్టారు. కారుని తీసుకెళ్ళడానికి బోటు మేస్త్రి వాళ్ళ చుట్టాల చేపల లారీ దొరికింది. వెనక సగం ఐసు పెట్టెలు, ముందు సగం మా స్పోర్ట్స్ కారు. దింపేసరికి బంపరు నుంచి చేపల నీళ్ళు కారుతున్నాయి. పక్క టీముల వాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఒంటి మీద మంటంటుకోని సూటు గాని, నూలు బట్ట గాని ఉండాలని నిబంధన. మిగతావాళ్ళంతా ఎర్రవీ నీలివీ తళతళలాడే సూట్లలో వచ్చారు. మా అత్త పొందూరు ఖద్దరు తానులో గుడ్డ కోయించి, దర్జీ చేత మెడ నుంచి కాళ్ళ దాకా ఒకే తొడుగు కుట్టించింది. బావ అది వేసుకుని బయటికొస్తే ఓట్లడగడానికొచ్చిన నాయకుడిలా ఉన్నాడు. అక్కడున్న తెలుగువాడెవడో చేతులు జోడించి దండం పెట్టాడు కూడా. బావ నవ్వుతూ తిరిగి దండం పెట్టాడు. నాకైతే ఆ ఖద్దరు మీదే కళ్ళున్నాయి. దర్జీ ఆ కొలతలు తీసుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించింది నేనే.

తొమ్మిదో స్థానంలో మొదలెట్టాడు. మూడో చుట్టుకి ఒక బండి పొగలు కక్కి ఆగింది, ఆరో చుట్టుకి ఇంకొకటి గడ్డిలోకి దొర్లింది. బోటు మేస్త్రి గోడకానుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడు. "పాడతన్నాదిరా, ఇంజను పాడతన్నాది" అన్నాడు నాతో. పన్నెండో చుట్టుకి మా ఖద్దరు నాయకుడు రెండో స్థానంలో ఉన్నాడు. ముందున్నవాడి టైర్లు అరిగిపోయి బండి మలుపుల్లో జారుతోంది. లేతు మావ వాచీ మీంచి కళ్ళు తియ్యకుండానే, "బోర్డు తెరువు. ఎల్లిరా సూపించు. ఆణ్ణి ఈ సుట్టులో కొట్టీగలడు" అన్నాడు.

తెరిచాను. తెరిచానని ఒట్టేసి చెబుతాను.

మాకు చప్పట్లు కొట్టేవాళ్ళు పోగయ్యారు. పొద్దున ముక్కులు మూసుకున్నవాళ్ళే. కెమెరా మెడకేసుకున్న ఒకతను పరిగెత్తుకుంటూ వచ్చి, నా భుజం పట్టుకుని పక్కకి నెట్టాడు. "కొంచెం జరగండి సార్, కారుకి అడ్డమొస్తున్నారు" అన్నాడు. ఆ కారు చట్రానికి ప్రతి బోల్టూ బిగించింది నేను. రెండు సెకన్లు ముందొచ్చింది నేను. ఆ ఫొటోకి అడ్డం నేను. దూరంగా మలుపు తిరిగి బావ వస్తున్నాడు, తెల్ల ఖద్దరు చెయ్యి కనిపిస్తోంది. ఆ సీటు నాదిరా అనుకున్నాను. అప్పుడే గాలొచ్చింది. ఒక చెయ్యి కొంచెం వదులైంది. అంతవరకే నేను ఎరుగుదును. "ఎల్లి" ఉన్న చెక్క వెనక్కి మడతపడింది.

బావకి కనిపించింది "రా".

ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి, బ్రేకు కొట్టి, బండిని లోపలికి తెచ్చి సరిగ్గా నా ముందు ఆపాడు. ఇంజను తిరుగుతూనే ఉంది. "ఏటైందిరా?" అన్నాడు.

"గాలేసింది బావా" అన్నాను. "గాలికి మడతపడిపోనాది."

నా వంక చూశాడు, బోర్డు వంక చూశాడు, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటికే ముగ్గురు దాటేశారు. ఐదో వాడిగా ముగించాడు. గెలిచినవాడి ఫొటో పేపర్లో వచ్చింది. ఆ చప్పట్లూ ఆ కెమెరా అతని వెనక వెళ్ళిపోయాయి.

బావ దిగీ దిగకుండానే లేతు మావ ఆయన మీదకెళ్ళాడు. "ఎందుకాపినావురా, మతిపోనాదా?" అని అరిచాడు. నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు బావే అందుకున్నాడు. "నానే తప్పు సదివినాను మావా. బోర్డు ఎల్లిరా అనే ఉన్నాది. నాకు రా ఒకటే అగుపడింది" అన్నాడు. నెత్తి మీది బరువు దిగిపోవాలి కదా. దిగలేదు. తప్పు మీదేసుకుని అందరి ముందు ఇంకా పెద్దవాడైపోయాడని ఏడుపొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను గాలి మీద పెట్టాను, ఆయన తన మీదే పెట్టుకున్నాడు.

మళ్ళీ పందేనికి వెళ్దామని ఎవరూ అనలేదు. బోటు మేస్త్రి ఇంజను తీసి నీళ్ళు తోడుకోవడానికి పట్టుకెళ్ళాడు. సీట్లో మా అత్త కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి. లేతు మావ కొన్నేళ్ళకి పోయాడు. బావ కోత మిషను ఎక్కాడు. నాతో ఎప్పటిలాగే ఉన్నాడు, కలిసినప్పుడల్లా "ఏరా బామ్మర్దీ" అనేవాడు, పందెం మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరైనా "ఈయేళ గాలి బాగా ఏస్తన్నాది" అంటే చాలు నాకు ఉలికిపాటు. తుఫాను రోజుల్లో మా ఊళ్ళో అంతకు మించి మాటుండదు, నా అవస్థ చూడండి.

రెండు నెలల కిందట బావ కూతురు వచ్చింది. శ్రీకాకుళంలోనే ఏదో ల్యాబులో ఉద్యోగం. "మావా, నాకు కారు నేర్పు" అంది. నేర్పనంటే ఏం చెప్పాలి? సరే అన్నాను.

మూడో రోజుకి గేరు చూడకుండా మార్చింది. వారానికి క్లచ్ చప్పుడు వినబడడం మానేసింది. నా దగ్గర నేర్చుకున్న వందల మందిలో ఇలా ఎవరూ లేరు. నేనూ ఇలా లేను. ఆ మణికట్టు, ఆ కూర్చునే తీరు, అద్దంలోకి ఒక్క క్షణం చూసి మళ్ళీ రోడ్డు మీదకి తిప్పే చూపు, అన్నీ ఆయనవే. శిష్యురాలు బాగా నేర్చుకుంటే గురువు పొంగిపోవాలి. నేను పక్క సీట్లో కూర్చుని పళ్ళు నూరుకున్నాను. పోయినాయన మళ్ళీ వచ్చి సీట్లో కూర్చున్నట్టే ఉంది, నేను మళ్ళీ పక్కనే.

మొన్న పొందూరు రోడ్డులో వెళ్తున్నాం. తాటిచెట్ల దగ్గర ఒక వంపుంది. ఏళ్ళ తరబడి నేర్చుకునేవాళ్ళకి అక్కడ బ్రేకు నొక్కమనే చెబుతున్నాను. ఆ పిల్ల నొక్కలేదు. కాలు కొంచెం ఎత్తింది, స్టీరింగు ఒక్కసారే తిప్పింది, బండి గీత గీసినట్టు వంపు తిరుగుతోంది. ఎదురుగా ఎవరూ లేరు. తప్పేమీ లేదు. నా కాలు నా బ్రేకు మీదకెళ్ళింది. అవసరం లేదని తెలుసు. నొక్కాను.

బండి కుదుపుతో ఆగి ఇంజను చచ్చిపోయింది. వెనక ఆటోవాడు తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల నా కాలి వంక చూసింది, నా మొహం వంక చూసింది. కోప్పడలేదు.

"గాలేసిందేటి, మావా?" అంది.

"ఏటన్నావు?" అన్నాను.

"నాన్న సెప్పినాడు. మీరు సెన్నై నుంచొచ్చినాక, నువ్వు గాలన్నావని బోటు మేస్త్రి సెప్తే, లేతు తాత బోర్డు పట్టుకుని మా ఇంటికొచ్చినాడట. ఈ బందు నాను సేసినాను, గాలికి పడదు, తుఫానుకీ పడదు, సెయ్యెట్టి తొయ్యాల, అన్నాడట."

ఆ బందు ఎంత బిగువో నాకు తెలియదా? పెరట్లో నూరుసార్లు మడిచినవాణ్ణి. ఒక చేత్తో బోర్డు పట్టుకుని రెండో చేత్తో తోస్తే గాని ఆ చెక్క కదిలేది కాదు. చెయ్యి వదులైందనీ, మిగతాది గాలే చేసిందనీ ఇరవై ఏళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. ఈ కాగితాల మీద కూడా ఇందాక అలాగే రాశాను. కొట్టెయ్యను, ఉండనీ. తోసింది నేను.

"మీ నాన్న ఏటన్నాడు?" అని అడిగాను.

"ఆడు నాకంటే రెండు సెకన్లు ముందు మావా, ఆ సీటు ఆడిదే. ఆడు రమ్మన్నాడు, నాను వచ్చినాను, అందులో తప్పేటుంది, అన్నాడట తాతతో. నీకు సెప్పొద్దన్నాడు. సెప్తే సిగ్గుపడి ఇంటికి రావడం మానేస్తావని."

ఆ రెండు సెకన్లూ నాకొక్కడికే గుర్తున్నాయనుకున్నాను. ఆయన కూడా దాచుకున్నాడు, నాకంటే జాగ్రత్తగా. కుళ్ళు తగ్గిందా అంటే తగ్గలేదు. ఇంకా పెరిగింది. కోపం తెచ్చుకోవాల్సినవాడు తెచ్చుకోకుండా పోయాడు, నేను క్షమాపణ చెప్పుకుందామంటే మనిషి లేడు, అందులోనూ ఆయనే ముందు. తలుపుకానుకుని, పిల్ల చూస్తోందని కూడా లేకుండా ఏడ్చాను.

ఆ పిల్ల అద్దం సర్దుకుంటున్నట్టు కాసేపు అటు తిరిగి కూర్చుంది. తర్వాత, "బండి తియ్యనా?" అంది.

నేను చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ పైకి తీసుకుని, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఇక కావాలన్నా బ్రేకు అందదు.

"ఎల్లి రా" అన్నాను.

"నువ్వూ నాతోనే వస్తన్నావు కద మావా, ఎల్లిరా అంతావేటి?" అని నవ్వి, తాళం తిప్పింది.